ఆమె చెప్పుకునే మొదటి మనిషి: గృహహింస విషయంలో స్నేహితుల పాత్రపై సమీక్ష

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) లెక్కల ప్రకారం 18 నుంచి 49 ఏళ్ల వయసున్న వివాహిత స్త్రీలలో, భర్త చేతిలో ఏదో ఒక దశలో శారీరక లేదా లైంగిక హింసను అనుభవించినవారు దేశం మొత్తం మీద 29.3 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం ఉన్నారు. ఈ అంకెలు పత్రికల్లో తరచుగా కనిపించేవే. అదే సర్వేలో అంతగా చర్చకు రాని మరో అంకె ఉంది: హింసకు గురైన స్త్రీలలో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరి సాయమూ కోరలేదు, సాయం కోరినవారు దాదాపు 14 శాతం మాత్రమే. ఆ కొద్దిమంది కూడా ముందుగా వెళ్లింది పోలీసుల దగ్గరికో న్యాయవాది దగ్గరికో కాదు. చాలామంది పుట్టింటివారి దగ్గరికి, మిగిలినవారు అత్తింటివారిలోనే తమ మాట కాస్త వినేవారి దగ్గరికి, ఇరుగుపొరుగు దగ్గరికి, స్నేహితుల దగ్గరికి వెళ్లారు. చట్టం, న్యాయస్థానం, ఆశ్రయగృహం అన్నీ ఆ తరువాతి మెట్లే గనుక, మొదటి మెట్టు మీద ఎదురైన మనిషి ఏమన్నది, ఏం చేసింది అనేదాన్ని బట్టే మిగిలిన మెట్లు ఎక్కడం సాధ్యమవుతుందా లేదా అన్నది చాలావరకు తేలిపోతుంది. గృహహింస మీద గత యాభై ఏళ్లలో వచ్చిన సాహిత్యం బాధితురాలి మనసు గురించి, హింసించేవాడి స్వభావం గురించి, చట్టాల లోటుపాట్ల గురించి విస్తారంగా చర్చించింది గానీ, ఈ మొదటి శ్రోతను పట్టించుకున్నది తక్కువ. అక్కడక్కడా ఉన్న ఆ విషయాన్ని తెలుగునాట పరిస్థితులతో కలిపి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని మూడో సెక్షన్ హింసను నాలుగు రకాలుగా చెబుతుంది: శరీరానికి చేసే హాని, లైంగికంగా అవమానించడం లేదా బలవంతపెట్టడం, మాటలతోనూ మనసును గాయపరిచే ప్రవర్తనతోనూ చేసే హింస, ఆర్థిక హింస. ఈ నాలుగోది చాలామందికి హింసగానే కనిపించదు. జీతం పడగానే ఏటీఎం కార్డు లాక్కోవడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, పెళ్లిలో పెట్టిన బంగారాన్ని అడగకుండా తాకట్టు పెట్టడం, ఉద్యోగం మానిపించడం – ఇవన్నీ చట్టం దృష్టిలో హింసే. చట్టం భార్యలకే పరిమితం కాదు. తల్లి, అక్కచెల్లెలు, వదిన, వితంతువైన కోడలు, పెళ్లి వంటి బంధంలో కలిసి బతుకుతున్న స్త్రీ కూడా దీని కింద రక్షణ కోరవచ్చు. ఎదుటిపక్షంగా వయసు వచ్చిన పురుషుడే ఉండాలన్న పరిమితిని సుప్రీంకోర్టు 2016లో కొట్టివేసింది గనుక, వేధించే అత్తపైనా ఆడబిడ్డపైనా కూడా నేరుగా దరఖాస్తు చేయవచ్చు. "కొట్టలేదు కదా" అనే మాట స్నేహితురాలి నోట ఓదార్పుగా వచ్చినా, చట్టం ఆ మాటను 2005లోనే తోసిపుచ్చింది.

విడివిడి సంఘటనల జాబితాగా హింసను చూడడం కంటే, వాటన్నిటినీ కలిపి నడిపే దారాన్ని చూడాలని వాదించినవాడు అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఇవాన్ స్టార్క్. 2007లో వచ్చిన తన గ్రంథంలో అతడు ప్రతిపాదించిన భావనను తెలుగులో నిర్బంధ నియంత్రణ అనవచ్చు: ఎక్కడికి వెళ్లాలి, ఎవరితో మాట్లాడాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఏం కట్టుకోవాలి అన్న రోజువారీ నిర్ణయాలను ఒక్కొక్కటిగా లాగేసుకుని, దెబ్బ అవసరం లేకుండానే మనిషిని లొంగదీసుకునే పద్ధతి అది. ఇంగ్లండు 2015లో దీన్ని ప్రత్యేక నేరంగా చట్టంలో చేర్చింది. భారత చట్టం ఆ పేరు వాడకపోయినా, మానసిక, ఆర్థిక హింసల నిర్వచనంలో దాని అంశాలు చాలా ఉన్నాయి. స్నేహితుల విషయంలో ఈ భావనకు ఉన్న విలువ వేరు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడడం, మాట మధ్యలో గొంతు మారిపోవడం, పెళ్లిళ్లకూ పేరంటాలకూ రాకపోవడం, రెండేళ్లుగా పుట్టింటికి పంపకపోవడం, ఎండాకాలంలో పూర్తి చేతుల జాకెట్టు, "మెట్ల మీద జారి పడ్డాను" అనే వివరణ పదేపదే వినిపించడం – ఇవి కనిపించినప్పుడు "పెళ్లయ్యాక మారిపోయింది, మనల్ని మరిచిపోయింది" అని నొచ్చుకుని దూరం జరిగే స్నేహితులు ఎక్కువ. నిజానికి ఆమెను స్నేహితుల నుంచి విడదీయడమే ఆ పద్ధతిలో మొదటి అడుగు. నొచ్చుకుని తప్పుకున్నవారు తెలియకుండానే దానికి సహకరించినవారవుతారు. జవాబు రాకపోయినా పండక్కీ పుట్టినరోజుకీ ఒక పలకరింపు పంపుతూ ఉండడం, చూడడానికి చిన్నదే అయినా, ఈ దృష్టితో చూస్తే ఆ పద్ధతికి అడ్డు నిలిచే పని.

ఆమె ఎందుకు వచ్చేయడం లేదు అన్న ప్రశ్న దగ్గరే చాలా స్నేహాలు తెగిపోతాయి. 1979లో లెనోర్ వాకర్ అనే మనస్తత్వవేత్త దీనికి రెండు జవాబులిచ్చింది. ఒకటి, హింస ఒక వలయంగా నడుస్తుందని – ఇంట్లో బిగువు పెరగడం, దాడి జరగడం, ఆ తరువాత కాళ్లావేళ్లా పడి క్షమాపణలు, చీరలు, ప్రమాణాలు, కొన్నాళ్ల ప్రశాంతి, మళ్లీ బిగువు. రెండోది, ఏం చేసినా ఫలితం మారదని అనుభవం మీద తెలిసిన మనిషి ప్రయత్నమే మానేస్తుందన్న నిస్సహాయతా సిద్ధాంతం. మొదటిది తెలుగు ఇళ్లలో "తాగినప్పుడే గానీ మనిషి మంచోడే" అనే మాట వెనుక ఉన్న స్థితిని కొంత వివరిస్తుంది. అయితే అన్ని ఇళ్లలోనూ క్షమాపణల దశ ఉండదని, కొందరు ఏనాడూ పశ్చాత్తాపం నటించను కూడా నటించరని తరువాతి పరిశీలకులు ఎత్తిచూపారు. రెండోది మరింత గట్టి విమర్శకు గురైంది. ఎడ్వర్డ్ గొండాల్ఫ్, ఎలెన్ ఫిషర్ 1988లో టెక్సస్ ఆశ్రయగృహాల స్త్రీల వివరాలను పరిశీలించి, హింస పెరిగినకొద్దీ వారు సాయం కోసం చేసే ప్రయత్నాలు తగ్గలేదని, పెరిగాయని, విఫలమైంది వారు కాదు, వారు తట్టిన తలుపులని వాదించారు. ఈ రెండింటిలో స్నేహితులు దేన్ని నమ్ముతారన్నది చిన్న విషయం కాదు. వాకర్ మాట నమ్మినవారు ఆమె తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి పూనుకుంటారు. గొండాల్ఫ్, ఫిషర్ల మాట నమ్మినవారు ఆమె ఇప్పటికే ఏమేం చేసిందో అడుగుతారు. ఈ ఇద్దరి వైపే మొగ్గు చూపవలసి ఉంటుంది; ఎందుకంటే డబ్బు దాచడం, అతను వచ్చే వేళకు పిల్లల్ని పక్కింటికి పంపడం, మాటకు మాట చెప్పకుండా ఆ పూట గడిపేయడం వంటి పనులను చేతకానితనంగా కాక ఉపాయాలుగా గుర్తించే చూపు ఆ వాదం వల్లనే వస్తుంది.

వచ్చేయకపోవడానికి మనసుతో సంబంధం లేని కారణం మరొకటి ఉంది, అది ఆస్తి. ప్రదీప్ పండా, బీనా అగర్వాల్ కేరళలోని తిరువనంతపురం జిల్లాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో తిరుగులేనిది. ఏ స్థిరాస్తీ లేని వివాహితల్లో 49 శాతం మంది భర్త చేతి దెబ్బలు తినగా, సొంత పేరున భూమి ఉన్నవారిలో అది 18 శాతం, ఇల్లు ఉన్నవారిలో 10 శాతం, రెండూ ఉన్నవారిలో 7 శాతం మాత్రమే అని వారు కనుగొన్నారు. చదువు, ఉద్యోగం కంటే వెళ్లి తలదాచుకోవడానికి తనదంటూ ఒక చోటు ఉండడమే ఎక్కువ రక్షణ ఇచ్చిందన్నది దాని సారాంశం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, దేశం కంటే రెండు దశాబ్దాల ముందే, హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ ద్వారా 1985 సెప్టెంబరు 5 తరువాత పెళ్లయ్యే ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమాన వాటా కల్పించింది. అయినా కట్నం ఇచ్చేశాం గనుక వాటా తీరిపోయిందన్న లెక్క ఇప్పటికీ ఇళ్లలో నడుస్తూనే ఉంది. అన్నదమ్ములతో మాట పోతుందన్న భయంతో ఆడపిల్లలు వాటా వదులుకున్నట్టు సంతకాలు పెడుతూనే ఉన్నారు. ఆ సంతకం పెట్టకుండా ఆపిన స్నేహితురాలు, పదేళ్ల తరువాత రాబోయే అర్ధరాత్రి ఫోన్‌కు ముందుగానే జవాబు చెప్పినట్టే.

"ఇంకా ఎందుకు పడుంటావు, ఈ రాత్రే వచ్చేయ్" అనే సలహా మంచి మనసుతోనే వస్తుంది, అయితే పరిశోధన దాన్ని యథాతథంగా సమర్థించదు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ బృందం అమెరికాలోని పలు నగరాల్లో భర్తల, ప్రియుల చేతుల్లో హత్యకు గురైన స్త్రీల వివరాలను సేకరించి 2003లో ప్రచురించిన అధ్యయనం, నియంత్రణ స్వభావం గల మనిషి నుంచి విడిపోయే దశలో ప్రాణాపాయం బాగా పెరుగుతుందని చూపింది. మునుపటి బెదిరింపులు, చేతిలో ఆయుధం ఉండడం, నిరుద్యోగం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అదే బృందంలోని నాన్సీ గ్లాస్ తదితరులు 2008లో చేసిన విశ్లేషణలో, అంతకు ముందు ఒకసారైనా గొంతు నులమబడిన స్త్రీ హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. తుపాకుల విషయంలో అమెరికా పరిస్థితి వేరు గనుక ఈ అంకెలను ఇక్కడికి అలాగే తెచ్చుకోలేం. గొంతు పట్టుకోవడం, కిరోసిన్ పోస్తానని బెదిరించడం, "నన్ను వదిలితే నిన్నూ పిల్లల్నీ చంపి నేనూ చస్తా" అనడం మాత్రం ఏ దేశంలోనైనా ఒకే అర్థాన్నిస్తాయి. గొంతు నులిమినప్పుడు పైకి గుర్తులేమీ కనపడకపోయినా లోపల రక్తనాళాలు దెబ్బతిని గంటల తరువాత ప్రాణం మీదికి రావచ్చు గనుక, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, కళ్లు తిరిగినా ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లడం ఆ రాత్రికి మిగిలిన ఆలోచనలన్నిటి కంటే ముందు చేయవలసిన పని. ఇల్లు విడవడం ఒక్క ఉదుటున చేసే సాహసంగా కాక, రోజులూ వారాలూ పట్టే ఏర్పాటుగా జరగాలని, ఆ రోజును ఎంచుకునే అధికారం అతని కోపతాపాల వేళలు తెలిసిన ఆమెకే ఉండాలని ఈ అధ్యయనాల నుంచి గ్రహించవచ్చు.

వినడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో మార్గదర్శకాలు, మరుసటి ఏడాది వైద్యసిబ్బంది కోసం చేతిపుస్తకం వెలువరించింది. అందులోని క్రమం అయిదు పనులుగా ఉంటుంది: తీర్పు చెప్పకుండా వినడం, ఆమెకు ఏం కావాలో అడగడం, ఆమె చెప్పినదాన్ని నమ్ముతున్నామని తెలియజేయడం, భద్రతను గురించి ఆలోచించడం, ఇతర సాయంతో కలపడం. నర్సుల కోసం రాసినదే అయినా స్నేహితులకు ఇంతకంటే పనికొచ్చే పాఠం మరొకటి కనపడదు. దాన్ని తెలుగు నోటికి తెచ్చుకుంటే చెప్పవలసిన మాటలు కొద్దిగానే ఉంటాయి: "నువ్వు చెప్పింది నమ్ముతున్నా", "ఇందులో నీ తప్పేమీ లేదు", "ఇప్పుడు నీకేం కావాలి?", "ఎప్పుడు ఫోన్ చేసినా పర్లేదు". అడగకూడనివి మాత్రం చాలా ఉన్నాయి, "నువ్వేమన్నావు, అతనికి అంత కోపం ఎందుకొచ్చింది?" అనే ఒక్క ప్రశ్న చాలు, ఆమె మరో రెండేళ్లు నోరు విప్పకపోవడానికి. భర్తను తిట్టిపోయడం కూడా అంతే ప్రమాదం. ఈరోజు ఏడ్చిన మనిషి రేపు రాజీపడవచ్చు, అప్పుడు తను రాక్షసుడని తిట్టించిన మనిషితోనే కాపురం చేస్తున్నానన్న సిగ్గు ఆమెను ఆ స్నేహితురాలికి దూరం చేస్తుంది. చేసిన పనిని తప్పు పట్టవచ్చు, మనిషిని గురించిన తీర్పు ఆమెకు వదిలేయడం మేలు.

తెలుగునాట ఈ విషయంలో పెద్ద అడ్డంకి చెడ్డవారి చెడ్డతనం కాదు, మంచివారి మధ్యవర్తిత్వం. మొదట చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే, ఏదో ఒక కారణం మీద భర్త భార్యను కొట్టడం సబబేనని ఒప్పుకున్న స్త్రీలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం ఉన్నారు. అంటే చెప్పుకోవడానికి వచ్చిన మనిషి ఎదుట కూర్చున్న స్నేహితురాలు కూడా, చదువుకున్నదైనా సరే, అదే గాలి పీల్చి పెరిగినదే. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి ఇద్దరి చేతా తప్పులు ఒప్పించి, "ఇకమీదట ఆయన చెయ్యి చేసుకోడు, నువ్వూ ఎదురు చెప్పకు" అని కాపురానికి పంపడం న్యాయంగా కనిపిస్తుంది. దెబ్బనూ మాటనూ ఒకే తక్కెడలో వేయడమే అందులోని అన్యాయం. పోలీసు స్టేషన్లలోనూ చాలాసార్లు జరిగేది ఇదే. దాంపత్య వివాదాల్లో కేసు నమోదుకు ముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని సుప్రీంకోర్టు 2013లో ఇచ్చిన వెసులుబాటు, ఆచరణలో విడతలవారీ కౌన్సెలింగ్‌గా మారింది. విచిత్రమేమిటంటే, గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాలు కౌన్సెలింగ్‌ను గురించి చెబుతూ, హింసకు సమర్థనగా ఏ కారణమూ చెప్పడానికి ఎదుటిపక్షాన్ని అనుమతించరాదని స్పష్టంగా రాశాయి. ఆ ఒక్క నియమాన్ని పాటిస్తే పంచాయితీల్లో సగం మాటలు ఆగిపోతాయి. స్నేహితులు ఒంటరిగా వెళ్లి భర్తను నిలదీయడం మరో పొరపాటు. ఆ నిలదీతకు బదులు ఆ రాత్రి తలుపులు మూసుకున్నాక ఆమెకు దక్కుతుంది. సమష్టిగా నిలబడినప్పుడు సంగతి వేరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మీదికి కదిలినప్పుడు వారి ఫిర్యాదులో కూలి డబ్బు తాగుడుకు పోవడమూ, తాగొచ్చి కొట్టడమూ కలిసే ఉన్నాయి. ఒక్కొక్క ఇంటి రహస్యంగా ఉన్నది ఊరి విషయంగా మారినందువల్లే అది ఉద్యమమై, 1995 మద్యనిషేధం దాకా నడిచింది. నిషేధం రెండేళ్లకే సడలిపోయినా, పక్కింటి గొడవ మనకెందుకు అనే మాటను ఆ స్త్రీలు పక్కనపెట్టగలిగారన్నది చరిత్రలో నిలిచిన విషయం.

ఏర్పాట్ల సంగతికి వస్తే, వాటిలో గొప్ప రహస్యాలేమీ లేవు, శ్రద్ధ మాత్రం కావాలి. ఆధార్, పాస్‌పోర్టు, పెళ్లి ఫోటోలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, చదువు సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్కు, బంగారం రసీదులు – వీటి నకళ్లు స్నేహితురాలి ఇంట్లో ఒక కవరులో ఉంటే, కట్టుబట్టలతో బయటపడినా ఆమె పూర్తిగా ఖాళీ చేతులతో మిగలదు. ఆమె ఒక్కదాని పేరున, వేరే ఫోన్ నంబరుతో బ్యాంకు ఖాతా ఉండాలి. ఓటీపీ భర్త ఫోన్‌కు వెళ్లే ఖాతా ఆమెది కానట్టే లెక్క. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి చూస్తే ఆమె సందేశాలు మరో కంప్యూటర్లో తెరిచి ఉన్నాయేమో తెలుస్తుంది. అయితే నిఘా కనిపించగానే తొలగించడం అతన్ని అప్రమత్తం చేస్తుంది గనుక, ముఖ్యమైన మాటలకు స్నేహితురాలి ఫోన్ వాడుకోవడం క్షేమం. ఫోన్లో మామూలుగా వినిపించే ఏదో ఒక మాటను సంకేతంగా అనుకోవచ్చు – "అమ్మవాళ్లు ఆవకాయ పంపారా?" అంటే వెంటనే రమ్మని, పోలీసులను పిలవమని అర్థం. గాయాల ఫోటోలు, తేదీలతో రాసుకున్న వివరాలు, బెదిరింపు సందేశాలు భద్రంగా ఉంచడం కూడా స్నేహితులు చేయగల పనే. ప్రభుత్వాసుపత్రిలో చూపించినప్పుడు దెబ్బ ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించుకుంటే, న్యాయస్థానంలో ఆ కాగితం చాలామంది సాక్షుల కంటే గట్టిగా నిలబడుతుంది.

చట్టం విషయంలో స్నేహితులు తెలుసుకోవలసిన ప్రధాన అంశం, విచిత్రంగా, స్నేహితులను గురించినదే. గృహహింస జరిగిందని, జరుగుతోందని, జరగబోతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చని, సదుద్దేశంతో ఇచ్చిన సమాచారానికి వారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా ఉండదని నాలుగో సెక్షన్ చెబుతుంది. రక్షణ అధికారి అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించిన అధికారి. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా ప్రాజెక్టు డైరెక్టర్లకే ఆ బాధ్యత అప్పగించారు. అంగన్‌వాడీల నుంచి పోషకాహారం దాకా అన్నీ చూసే అధికారి మీద ఇది అదనపు బరువుగా పడిందన్న విమర్శ న్యాయమైనదే. ఆ కార్యాలయం గృహహింస సంఘటన నివేదిక అనే పత్రాన్ని తయారుచేసి మేజిస్ట్రేటుకు పంపుతుంది. మేజిస్ట్రేటు మామూలుగా మూడు రోజుల్లో మొదటి విచారణ పెట్టాలని, అరవై రోజుల్లో దరఖాస్తును తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అది నెలలూ ఏళ్లూ పడుతున్నదన్నది న్యాయస్థానాల చుట్టూ తిరిగినవారందరికీ తెలిసినదే. అందుకే పన్నెండో సెక్షన్ దరఖాస్తుతోపాటే ఇరవైమూడో సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వులు అడగడం ముఖ్యం. హింస ఆపమనే రక్షణ ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటివేయకుండా ఆపే నివాస ఉత్తర్వు, భృతి, పిల్లల తాత్కాలిక అప్పగింత, నష్టపరిహారం – ఇవన్నీ ఒకే దరఖాస్తులో కోరవచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నంత మాత్రాన కోడలికి అందులో ఉండే హక్కు లేకుండా పోదని సుప్రీంకోర్టు 2020లో, తన పాత తీర్పును పక్కనపెట్టి మరీ చెప్పింది. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, ఇరవై వేల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

గృహహింస చట్టం ప్రధానంగా సివిల్ ఉపశమనం ఇచ్చేది. క్రిమినల్ కేసు వేరు. భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసను నేరంగా పరిగణిస్తూ 1983లో భారత శిక్షాస్మృతిలో చేరిన 498ఎ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా కొనసాగుతోంది. అత్తింటి నుంచి తరిమివేయబడి పుట్టింట తలదాచుకున్న స్త్రీ ఆ ఊళ్లోనే ఈ ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. గృహహింస దరఖాస్తుకైతే ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటు కూడా సరిపోతుంది, అంటే స్నేహితురాలి ఇల్లైనా చాలు. 498ఎ సెక్షన్ దుర్వినియోగం గురించిన వాదం గట్టిగానే నడుస్తోంది. 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు వెంటనే అరెస్టు చేయడాన్ని కట్టడి చేయగా, 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వచ్చిన ఒక కేసులో, భర్త బంధువులందరి పేర్లనూ గుండుగుత్తగా చేర్చే ఫిర్యాదులను సుప్రీంకోర్టు తప్పుపట్టింది. దీనివల్ల ఈ సెక్షన్ పనికిరానిదైపోయిందనుకోవడం పొరపాటు. ఫిర్యాదు ఎలా రాయాలో ఆ తీర్పు పరోక్షంగా నేర్పింది. ఏ తేదీన, ఎవరు, ఏం చేశారు, ఎవరు చూశారు అనేది స్పష్టంగా, జరిగినంత మేరకే రాయడం, ఊరికే కూర్చున్న ఆడబిడ్డ పేరును కోపంతో చేర్చకపోవడం కేసును నిలబెడతాయి. ఆవేశంలో ఉన్న మనిషి పక్కన కూర్చుని ఆ కాగితం నిదానంగా రాయించడం కంటే స్నేహం చేయగల న్యాయసహాయం లేదు. న్యాయవాది ఫీజు గురించి భయపడనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. 2015 నుంచి నడుస్తున్న సఖి కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, కొద్ది రోజుల ఆశ్రయం ఒకే కప్పు కింద దొరకాలన్నది ఉద్దేశం. సేవల తీరు జిల్లాకొక రకంగా ఉంటుంది గనుక, ఆమెను ఒంటరిగా పంపడం కంటే వెంట వెళ్లడం మంచిది. హైదరాబాద్‌లో స్త్రీవాద పత్రిక 'భూమిక' 2006లో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్ వంటి ప్రయత్నాలు, తెలుగులో వినే ఒక గొంతుకు ఎంత అవసరం ఉందో చూపించాయి.

ఆమె నిర్ణయమే చెల్లాలన్న సూత్రానికి మినహాయింపులున్నాయి. ఇప్పుడే దాడి జరుగుతుంటే, గొంతు నులిమినట్టు తెలిస్తే, పిల్లల మీద చెయ్యి పడుతుంటే, ఆమె చచ్చిపోవాలనుకుంటున్నట్టు మాటల్లో తెలిస్తే, అనుమతి కోసం ఆగకుండా 112కు ఫోన్ చేయవలసిందే; పిల్లల విషయంలో 1098 ఉంది, ఆత్మహత్య ఆలోచనలకు 2022 నుంచి 14416 టెలీమానస్ ఉంది. ఆమెకు కోపం రావచ్చు, స్నేహం చెడవచ్చు. ఆ నష్టాన్ని భరించడానికి సిద్ధపడవలసిన సందర్భాలివి. మిగిలిన సమయాల్లో, ఆమెకు తెలియకుండా ఆమె తల్లిదండ్రులకో ఆఫీసుకో చెప్పడం సాయం కాదు. మగ స్నేహితులకు మరో జాగ్రత్త అవసరం: ఈ సమాజంలో మగవాడి పలకరింపు అనుమానానికి సాకు అవుతుంది గనుక, తన భార్య ద్వారానో అక్క ద్వారానో మాట నడపడం ఆమెకు మేలు. హింసించేవాడే తన స్నేహితుడైనప్పుడు మాత్రం ఆ మగవాడి బాధ్యత పెరుగుతుంది. "వాడి ఇంటి విషయం" అని తప్పుకోకుండా, ఆమె చెప్పిన సంగతి బయటపెట్టకుండానే, కొట్టడాన్ని తమ గుంపు హాస్యంగా తీసుకోదని తెలిసేలా చేయడం అతను చేయగల పని. హింసకు గురయ్యే పురుషులూ ఉన్నారు. 2005 చట్టం వారికి వర్తించకపోయినా సాధారణ నేరచట్టం వర్తిస్తుంది, వారిని నవ్వకుండా వినడం దగ్గరే ఆ సాయం కూడా మొదలవుతుంది.

విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లో ఈ సమస్యకు వీసా అనే కొత్త పలుపుతాడు తోడయింది. భర్త హెచ్‌1బీ మీద ఆధారపడిన హెచ్‌4 వీసాతో అమెరికా వెళ్లిన భార్యకు సొంత సంపాదన లేకపోవడం, "ఫిర్యాదు చేస్తే నిన్ను వెనక్కి పంపించేస్తారు" అన్న బెదిరింపు, ఫోన్ చేస్తే పరువు పోతుందని ఊరుకోబెట్టే తల్లిదండ్రులు – ఈ మూడూ కలిస్తే ఆమె పూర్తిగా ఒంటరిదవుతుంది. హింసకు గురైన హెచ్‌4 భార్యలు విడిగా పని అనుమతికి దరఖాస్తు చేసుకునే వీలును అమెరికా చట్టం కల్పించింది. భర్త పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే, అతని సంతకం అవసరం లేకుండా ఆమే శాశ్వత నివాసం కోసం దరఖాస్తు చేయవచ్చు. న్యూజెర్సీలో 1985 నుంచి ఉన్న మానవి, న్యూయార్క్‌లో 1989లో ఏర్పడిన సఖి, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1991లో మొదలైన మైత్రి వంటి దక్షిణాసియా స్త్రీల సంస్థలు ఈ దారులు తెలిసినవి. తెలుగు సంఘాల వేడుకల్లో ఈ పేర్లు వినిపించేది తక్కువ. ఆటపాటల మధ్య అయిదు నిమిషాలు వీటికి కేటాయించడం ఏ సంఘానికీ భారం కాదు. స్వదేశం నుంచి సాయం కావలసినవారికి, ఎన్నారై వివాహాల ఫిర్యాదులను 2009 నుంచి జాతీయ మహిళా కమిషన్ చూస్తోంది.

ఇంత చేసినా ఆమె తిరిగి ఆ ఇంటికి వెళ్లవచ్చు. ఒకటికి నాలుగుసార్లు వెళ్లి రావడం అసాధారణం కాదు. "ఇంత చేశాం, మళ్లీ వెళ్లింది, ఇక మనకేం సంబంధం" అని అప్పుడు తలుపు మూసిన స్నేహితులు, తాము ముందు చేసినదంతా కూడా చెరిపేసుకున్నవారవుతారు. ఎప్పటికీ ఒక్కరే మోయడమూ సాధ్యం కాదు గనుక, ఆమె ఒప్పుకున్న మరో ఇద్దరిని కలుపుకోవడం, రాత్రి ఫోన్లకు వంతులు వేసుకోవడం, తమ ఇంట్లో ఆమెను ఉంచుకోవడానికి వీలు కాకపోతే ఆ మాట ముందే చెప్పేయడం స్నేహానికి తక్కువ చేయవు. సర్వేలు ఇప్పటిదాకా ఆమె ఎవరికి చెప్పిందో అడుగుతున్నాయి. చెప్పాక వారేం చేశారో అడగడం లేదు. తదుపరి సర్వేల్లో ఆ ఒక్క ప్రశ్న చేరాలని మన విశ్వవిద్యాలయాల సమాజకార్య విభాగాలు, మహిళా అధ్యయన కేంద్రాలు కోరవలసి ఉంది. ఈలోగా పాఠకులు తమ ఫోన్లలో మూడు నంబర్లు భద్రపరచుకోవచ్చు: మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసర సాయానికి 112, ఉచిత న్యాయసహాయానికి 15100.